సకినాల నిజం, కాంటా నిజం

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. ఇప్పుడు వరంగల్‌లో ఉంటున్నాం. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, మిర్చి చూసే ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. వయసు ముప్పై ఒకటి. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు.

మొన్న దసరా నాడు జమ్మి పెట్టి పెద్దలకు మొక్కుతూ ఒక నిర్ణయం తీసుకున్నాను, ఇక అబద్ధం ఆడకూడదని. సంక్రాంతికి అత్తగారింటికి వెళ్లాం. అత్తమ్మ సకినాలు పెట్టి 'ఎలా ఉన్నాయి బిడ్డా' అని అడిగింది. 'పన్ను ఊడేలా ఉన్నాయి అత్తమ్మా, నిరుడే నయం' అన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. నా భార్య వారం రోజులు 'అన్నం పెట్టాను' అనే మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. తర్వాత ఒక దావతులో మా మేనమామ, పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యాక ఆయన సొంతూరు వంగరకు వచ్చినప్పుడు తన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడారని ఎప్పటిలాగే చెబుతుంటే, 'అప్పుడు నువ్వు భీవండిలో సాంచెలు (మరమగ్గాలు) నడుపుతున్నావు కదా మామా' అని అందరి ముందూ అనేశాను. స్నేహితులు నన్ను హరిశ్చంద్రుడు అని పిలుస్తున్నారు.

పాప జనన ధ్రువపత్రంలో పేరు తప్పు పడింది. దిద్దడానికి ఒక కార్యాలయంలో చాయ్ పానీ అడిగారు. ఇవ్వనన్నాను. అప్పటినుంచి తిరుగుతూనే ఉన్నాను. 'హరిశ్చంద్రుడి సత్యానికి లోహితుడి ప్రాణం పోయింది, నీ సత్యానికి నా బిడ్డ చదువు పోవాలా' అంటోంది నా భార్య. దుకాణంలో మాత్రం ఇంకా కుదరలేదు. డబ్బు రావాల్సిన రైతులు ఫోను చేస్తే సేటు లేరని చెప్పాల్సి వస్తోంది. అది ఉద్యోగం కదా అక్కా.

ఇదివరకు నలుగురిని నవ్వించేవాడిని. ఇప్పుడు నేను వస్తే మాటలు ఆగిపోతున్నాయి. నిజాయితీగా బతకాలంటే నవ్వు వదులుకోవాలా?

సమాధానం: తమ్ముడూ, నీ నిర్ణయం నాకు చాలా నచ్చింది. దాన్ని వదలకు. పండుగ నాడు ఇలాంటి ఆలోచన చాలామందికి వస్తుంది. సంక్రాంతి దాటి నిలబడటమే అరుదు.

ఇక్కడ నీ ఉత్తరాన్ని కుదించి వేశాం. అసలు ఉత్తరంలో సకినాల గొడవ పేజీన్నర ఉంది. మేనమామ కథ ఇంకో పేజీ. ఫోను చేసే రైతుల గురించి మాత్రం రెండే వాక్యాలు రాశావు. 'అది ఉద్యోగం కదా అక్కా' అని వాటి మీద మూత పెట్టేశావు. చదివినప్పటి నుంచి నన్ను వదలనివి ఆ రెండు వాక్యాలే.

నువ్వు ఇప్పటివరకు నిజం చెప్పిన చోట్ల దానివల్ల ఎవరికీ ఒరిగింది లేదు. ఒరిగే చోట నోరు మూసుకున్నావు. అత్తమ్మతో నిజం చెబితే పోయేది ఒక వారం మాటలు. సేటుతో చెబితే జీతానికే ఎసరు. అందుకే నీ ధైర్యం సకినాల మీదికి వెళ్లింది. ఎవరికైనా జరిగేదే ఇది. నిన్ను చిన్నబుచ్చడానికి అనడం లేదు. కానీ నీ నవ్వు ఎక్కడ పోయిందో నాకు అక్కడే కనిపిస్తోంది. పగలంతా ఒక పెద్ద అబద్ధం మోసి, సాయంత్రం చిన్న చిన్న నిజాలతో దాన్ని పూడ్చాలని చూస్తున్నావు. గుమాస్తావి, నీకు చెప్పాలా? చిట్టా సరిపోని రోజు మనిషి ముఖం ఎలా ఉంటుందో, నీ ముఖం ఇప్పుడు అలా ఉంది. దానికి కారణం నిజాయితీ కాదు. నిజాయితీ ఇంకా దుకాణం గడప దాటి లోపలికి రాకపోవడం.

అందుకని దుకాణం నుంచే మొదలుపెడదాం.

ఆ ఫోను చేసే మనిషిని ఒకసారి తలచుకో. నువ్వు అటు నుంచి వచ్చినవాడివే, నాకన్నా నీకే బాగా తెలుసు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. అది పూర్తిగా చేతికి రావాలంటే తేమ 8 శాతం దాటకూడదు. ఆపైన తేమ పెరిగిన కొద్దీ ధర తగ్గుతుంది. 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. ఏరే రోజుల్లో వాన పడితే, మంచు ఎక్కువైతే ఆ గీత దాటడానికి రైతు చేసిన తప్పేమీ అక్కర్లేదు. ఆరబెట్టుకుందామంటే వాకిలి చాలదు, అప్పు ఇచ్చినవాడు ఆగడు. అలా తిరిగి తిరిగి మీ దుకాణం దాకా వస్తాడు. ధర ఎంత అన్నా తల ఊపుతాడు. కాంటా అయ్యాక తక్‌పట్టీ (తూకం, ధర రాసిన చీటీ) మడిచి జేబులో పెట్టుకుని, డబ్బు ఫలానా రోజు అన్న మాట నమ్మి ఊరికి వెళ్తాడు. ఏరిన కూలీలకు, ఎరువుల దుకాణానికి అతను కూడా అదే రోజు చెబుతాడు.

ఆ రోజు వచ్చాక ఫోను చేస్తాడు. నువ్వు 'సేటు లేరు' అంటావు. నీకు రెండు మాటలు. అతను మరునాడు పొద్దున్నే బస్సెక్కి వస్తాడు, మీ దుకాణం అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుంటాడు, ఒక రోజు పని పోతుంది, ఖాళీ చేతులతో వెళ్లి ఇంటి ముందు నిలబడ్డ కూలీలకు ఇంకో అబద్ధం చెప్పాల్సి వస్తుంది. నీ నోట్లో పుట్టిన అబద్ధం అతని నోట్లోకి, అక్కడినుంచి ఇంకో పదిమంది దగ్గరికి వెళ్తుంది. గట్టిపడ్డ సకినాల వల్ల ఇంత నష్టం ఎవరికీ జరగలేదు.

మన ఊరి పేరు చెబితే అందరూ తోరణం, కోట చెబుతారు. నాకు మాత్రం ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. 1244 ప్రాంతపు మాట. అప్పటిదాకా తుపానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా అక్కడి రాజు లాగేసుకునేవాడు. అదే ఆనవాయితీ, ఎవరూ తప్పు అనుకోలేదు. గణపతిదేవుడు అది మానేశాడు. సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. దెబ్బతిని ఒడ్డుకు చేరినవాడి దగ్గర ఎలా ఉంటామన్నదే అక్కడ ప్రశ్న. తేమ పట్టిన పత్తితో మీ అరుగు ఎక్కే రైతు విషయంలోనూ అదే ప్రశ్న. మీ సేటుకు కోటలంటే ఇష్టమైతే ఈ శాసనం సంగతి చెప్పు, వినవచ్చు.

వినకపోతే మేడారం సంగతి చెప్పు. రెండేళ్లకోసారి జాతరకు మన వైపు నుంచి ఎన్ని లక్షల మంది వెళ్తారో, ఎన్ని కాంటాల మీద మనుషులు కూర్చుని నిలువెత్తు బంగారం, అంటే తమ బరువంత బెల్లం, తూయించుకుంటారో చూశావు కదా. ఆ కాంటా దగ్గర గమనించు. తన బరువు కన్నా అరకిలో బెల్లం తక్కువ వేయమని ఎవరైనా అంటారా? పైగా 'ఇంకో ముద్ద వెయ్యి, అమ్మవారికి తక్కువ కావద్దు' అంటారు. భార్యకు చెప్పే బరువు ఒకటి, అసలు బరువు ఒకటి అయినవాళ్లు కూడా సమ్మక్క ముందు గ్రాముతో సహా ఒప్పుకుంటారు! అదే మనుషులు ఊరికి తిరిగొచ్చాక, రైతు బస్తాకు కిలో తరుగు తీస్తే అది వ్యాపారం అంటారు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి తూనికల శాఖ తనిఖీ, ముద్ర ఉండాలని చట్టం చెబుతుంది. ముద్ర ఉన్న కాంటా మీద కూడా తరుగు పేరుతో చేతివాటం చూపించవచ్చు. అక్కడ ఆపగలిగేది పుస్తకం రాసే మనిషి. అంటే నువ్వు.

ఇప్పుడు నీ సేటు శుక్రాచార్యుడి పద్యం ఎత్తుకోవచ్చు. మన బమ్మెరలో పుట్టిన పోతన రాసిన భాగవతంలోదే. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణం, డబ్బు, పరువు పోయేటప్పుడు అబద్ధం ఆడినా పాపం రాదని శుక్రాచార్యుడు చెబుతాడు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, అప్పు ఎగ్గొట్టేటప్పుడు ఈ పద్యం గుర్తురాని తెలుగువాడు ఉండడు. ఆ మాటలు గురువు ఎవరితో అన్నాడో, విన్నవాడు ఏం చేశాడో మాత్రం మరచిపోతాం. విన్నది బలి చక్రవర్తి. రాజ్యం పోతుందని తెలిసి కూడా ఆ సలహా అక్కర్లేదన్నాడు. పోతన మనసంతా బలి వైపే ఉందని ఆ ఘట్టం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ పద్యాన్ని వాడుకుంటూ పోతన మావాడే అని చెప్పుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

సరే, ఫోను మోగుతుంది. ఏమనాలి? 'సేటు ఇప్పుడు మాట్లాడరట. మీ పేరు, తక్‌పట్టీ తేదీ రాసుకున్నాను. డబ్బు ఏ రోజుకో అడిగి సాయంత్రం నేనే చేస్తాను. నేను చేసేదాకా బస్సెక్కకండి.' ఇందులో అబద్ధం లేదు. సేటును బజారుకు ఈడ్చడమూ లేదు. సాయంత్రం తప్పకుండా చెయ్యి. సేటు రోజు చెప్పకపోతే 'ఇంకా రోజు చెప్పలేదు' అనే చెప్పు. రైతు తిడతాడు, పడు. తిట్టినా అతని ఒక రోజు మిగులుతుంది.

ఇది మొదలుపెట్టే ముందు సేటుతో మాట్లాడాలి. చాటుగా చేస్తే అది ఆయన పట్ల నిజాయితీ కాదు. ఇక్కడే నీ పాత విద్య, నవ్వించే విద్య అక్కరకొస్తుంది. పాఠం చెప్పినట్టు మాట్లాడకు. 'సేటూ, మీరు లేరని రోజుకు పదిమందికి చెబుతున్నాను. ఎవరో ఒకరు పూలదండ పట్టుకుని వచ్చేస్తారని భయంగా ఉంది. నిండు నూరేళ్లు ఉండాల్సిన మనిషిని నా నోటితో లేరని అనలేను' అను. నవ్వుతాడు. నవ్విన క్షణంలో అసలు మాట చెప్పు: 'రోజు చెప్పేద్దాం సేటూ. ఆలస్యమైనా సరే, ఆడిన రోజు తప్పకుండా. చూస్తూ చూస్తూ ఇంకో దుకాణానికి వెళ్లిపోతున్నారు.'

ఈ పద్ధతి దుకాణాన్ని ముంచదు. మా వీధిలో ఒక దర్జీ ఉన్నాడు. బతుకమ్మకు పదిహేను రోజుల ముందు దుకాణానికి అట్టముక్క కడతాడు: 'పండుగకు ఒప్పుకున్న బట్టలు చాలు. ఇప్పుడిస్తే దసరా అయ్యాకే. ఎల్లుండి రమ్మని తిప్పను.' మొదటి ఏడాది ఆడవాళ్లు ఆ అట్ట చదివి నవ్వుకుని పక్క దుకాణానికి వెళ్లారు. పక్క దుకాణం ఎల్లుండి, ఎల్లుండి అని సద్దుల బతుకమ్మ సాయంత్రం దాకా తిప్పింది. మరుసటి ఏడాది శ్రావణంలోనే ఇతని దుకాణం ముందు బట్టల మూటలు చేరాయి. అట్ట ఇప్పటికీ కడుతున్నాడు, ఇప్పుడూ చదివి నవ్వుతారు, బట్ట మాత్రం అతనికే ఇస్తారు.

సేటు ఒప్పుకోకపోవచ్చు. కోపంతో అదే రోజు ఉద్యోగం మానేయకు. ఇంట్లో పాప ఉంది, అద్దె ఉంది. ఇంకో దుకాణం వెతుక్కో, అడిగినవాళ్లకు ఎందుకు మారుతున్నావో ఉన్నది ఉన్నట్టు చెప్పు. పుస్తకాలు సరిగా రాసే, అబద్ధం ఆడని గుమాస్తా కావాలనుకునే యజమాని ఆ మార్కెట్‌లో ఒక్కడైనా ఉంటాడు. గుమాస్తా తమతో కూడా అబద్ధం ఆడడని వాళ్లకు తెలుసు. కొత్త పని దొరికేదాకా 'నేను అడిగి చేస్తాను' అన్న మాట మీద నిలబడు. అంతమాత్రానికి ఎవరూ ఉద్యోగం తీసేయరనే అనుకుంటున్నాను.

ఇక సకినాలు. నువ్వు అక్కడ నిజం చెప్పాననుకుంటున్నావు. సగమే చెప్పావు. సకినాలు ఎలా తయారవుతాయో ఎప్పుడైనా కూర్చుని చూశావా? బియ్యం నానబెట్టి, తడి ఆరీ ఆరకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లటి గుడ్డ పరచి, దాని మీద చేత్తో పిండిని మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. నడుము వంచి, మోకాళ్లు ముడిచి, గంటల తరబడి. అవి కాస్త ఆరాక నూనెలో వేస్తారు. పిండి తడి కాస్త అటూ ఇటూ అయినా గట్టిపడతాయి. చేయి తిరిగినవాళ్లకూ ఒక్కో ఏడు అలా అవుతుంది. మీ అత్తమ్మ అదంతా చేసింది అల్లుడు వస్తున్నాడని. ఆమె అడిగిన 'ఎలా ఉన్నాయి'లో వాము సరిపోయిందా అన్న ప్రశ్న ఒక పాలు. నా కష్టం నీ దాకా చేరిందా అన్నది మూడు పాళ్లు. నువ్వు ఒక పాలుకే జవాబు చెప్పావు.

పూర్తి నిజం ఇలా ఉండేది: 'అత్తమ్మా, ఈసారి కొంచెం గట్టిపడ్డాయి, చాయ్‌లో ముంచితే బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇన్ని చుట్లు ఒక్కదానివే చుట్టావా? మోకాళ్లు ఏమయ్యాయి?' ఇందులో పొగడ్త కోసం చేర్చిన అబద్ధం ఒక్కటీ లేదు. గట్టిపడ్డాయన్న మాట కూడా ఉంది. ఆమె నవ్వి 'పిండి ఆరిపోయింది బిడ్డా' అని తనే ఒప్పుకునేది. చేదుగా ఉంటేనే నిజమని, కళ్లలో నీళ్లు తెప్పిస్తేనే నిజాయితీ అని ఎవరో నీకు నేర్పారు. అది తీసిపారేయి. వచ్చే సంక్రాంతికి రెండు రోజుల ముందే వెళ్లి ఆ గుడ్డ ముందు కూర్చుని నువ్వూ సకినం చుట్టు. నీ సకినం ఎలా వచ్చిందో అత్తమ్మను అడిగి, ఆమె చెప్పే నిజం విను.

మేనమామ దగ్గర మాత్రం నువ్వు పూర్తిగా తప్పు. భీవండిలో ఏళ్ల తరబడి సాంచెల చప్పుడు మధ్య బతికి వచ్చిన మనిషి. వంగర పక్క ఊరి వాడై ఉండి, తమ ప్రాంతం మనిషి ప్రధాని అయిన రోజుల్లో తను అక్కడ లేకపోయాడు. 1991లో ఊరంతా టపాసులు కాలుస్తుంటే ఈయన ఏ అర్ధరాత్రి షిఫ్టులోనో ఉండి ఉంటాడు. ఆ లోటును ఒక కథతో పూడ్చుకున్నాడు. ఆ కథ విని ఎవరూ భూమి అమ్ముకోలేదు, ఎవరి బస్తా బరువూ తగ్గలేదు. దావతులో చెప్పే కథకు సాక్ష్యం అడగరు. ఆయన కథ చెబుతుంటే విను. నీకు అబద్ధం ఆడటం ఇష్టం లేదు కాబట్టి నువ్వు 'అవును, నేనూ చూశాను' అనకు, అంతే. ఈలోగా వెళ్లి ఆయన్ను భీవండి గురించి అడుగు. ఎన్ని సాంచెలు నడిపాడు, ఎంతమంది ఒక గదిలో పడుకునేవాళ్లు, పండక్కి రైలు ఎలా ఎక్కేవాళ్లు. ఆయన దగ్గరున్న నిజమైన కథలు ఎవరూ అడగలేదేమో. ఒక దావతులో నువ్వే మొదలుపెట్టు: 'మా మామ భీవండి సంగతి చెబితే వినాలి' అని. పోయిన పరువు తిరిగిస్తావు.

ఇల్లు కదలకుండానే ఫోనులో 'ఫాతిమానగర్ వంతెన మీద ఉన్నా' అనే నీ స్నేహితుల అబద్ధాల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. ఆ వంతెన మీద వాహనాల కన్నా అబద్ధాలే ఎక్కువ నిలిచిపోయి ఉంటాయి. నువ్వు మాత్రం 'ఇంకా స్నానం కాలేదు, అరగంట' అనే చెబుతూ ఉండు. కొన్నాళ్లకు అందరూ నువ్వు చెప్పిన సమయాన్ని బట్టే బయలుదేరతారు. హరిశ్చంద్రుడా అని పిలిస్తే ముఖం ముడుచుకోకు. 'కాటికాపరి ఉద్యోగం ఖాళీ ఉంటే చెప్పండిరా, మా సేటు కన్నా సమయానికి జీతం ఇస్తారట' అను. వాళ్ల అబద్ధాల లెక్క రాయడం మానేస్తే ఇలాంటి మాటలు వాటంతటవే వస్తాయి. నువ్వు వచ్చినప్పుడు మాటలు ఆగిపోవడానికి కారణం నీ నిజాలు కాదు, తమ్ముడూ. నువ్వు పక్కన కూర్చుని తప్పులు పట్టుకుంటావని వాళ్ల భయం. ఆ భయం పోగొట్టు.

చివరిగా పాప ధ్రువపత్రం. నీ ఉత్తరం మొత్తంలో లోహితుడి మాట నాకు అన్నిటికన్నా నచ్చింది, అది అన్నది నువ్వు కాదు. నీ భార్య కంగారులో న్యాయం ఉంది. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించాక, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆధారం ఆ పత్రమే. నీ పంతం నీ ఒక్కడిది కాదు, పాప భవిష్యత్తు దాని మీద వేలాడుతోంది. లంచం ఇవ్వకు, కానీ 'ఇవ్వను' అని ఇంటికి వచ్చి కూర్చోకు. ఇవ్వకపోవడం పనిలో మొదటి సగమే.

రెండో సగం ఇది. ఇప్పటిదాకా నోటిమాటగా తిరిగి ఉంటే, ముందు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి దాని మీద తేదీతో సంతకం, ముద్ర తీసుకో. మళ్లీ చాయ్ పానీ అంటే కోప్పడకుండా నవ్వుతూనే, 'ఎంతైనా కడతాను సార్, అంతకూ రశీదు రాయండి' అను. ఈ ఒక్క మాటతో వెనక్కి తగ్గినవాళ్లను చాలామందిని చూశాను. దరఖాస్తు కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగు. ఏం అడగాలో ముఖ్యం. 'ఎందుకు చేయలేదు' అని అడగకు. నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి చేతికి వచ్చింది, ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంది, ఎన్ని రోజుల్లో తేల్చాలని నిబంధన ఉంది అని అడుగు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రుసుము మండల స్థాయి కార్యాలయంలో రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. ఆ కాగితం లోపలికి వెళ్లాక ఫైలు తనంతట తానే నడవడం నేర్చుకుంటుంది.

అప్పటికీ డబ్బే అడిగితే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ఉంది, ఫోను నంబరు 1064. డబ్బు చేతిలో పెట్టకముందే చెయ్యి. ఎందుకంటే 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెబితేనే రక్షణ. 'ఇచ్చేసి పని చేయించుకుందాం' అనే ఇంట్లోవాళ్లకు ఇది తెలియాలి.

నవ్వుతూ చేయవచ్చా అని అడిగావు కదా, ఒకటి చెబుతాను. తమిళనాడులో ఫిఫ్త్ పిల్లర్ అనే సంస్థ 2007లో సున్నా రూపాయి నోటు అచ్చు వేసి జనానికి పంచింది. రంగు, గాంధీ బొమ్మ అన్నీ అసలు నోటులాగే, విలువ మాత్రం సున్నా. లంచం ఇవ్వను, తీసుకోను అని దాని మీద ప్రమాణం. అడిగినవాడి చేతిలో అరవకుండా, గొడవ పడకుండా ఆ నోటు పెట్టేయడమే. తెలుగులోనూ వేశారు. లంచం అడిగేవాడు బతిమాలే మనిషికి, అరిచే మనిషికి అలవాటు పడి ఉంటాడు. నవ్వుతూ సున్నా చేతిలో పెట్టే మనిషికి ఏం చెప్పాలో అతనికి తెలియదు. నీలాంటి నవ్వించే మనిషికి ఇంతకన్నా తగిన పని ఏముంది?

అయితే ముందు ఇంట్లో కూర్చుని భార్యకు ఇదంతా వివరంగా చెప్పు. దసరా నాటి నిర్ణయం నువ్వు ఒక్కడివే తీసుకున్నావు, దాని ఖర్చు మాత్రం ఇద్దరూ కడుతున్నారు. ఆమెను అడిగావా? నీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. సేటు దగ్గర జీతం పోయే అవకాశం ఉందని, ఎన్ని నెలలు నెట్టుకు రాగలమని ఇద్దరూ లెక్క వేసుకోండి. సేటుతో మాట్లాడటానికి మార్కెట్ సెలవు రోజు చూసుకో, కాంటాల హడావుడిలో వద్దు. ధ్రువపత్రం పని మాత్రం సోమవారమే పెట్టుకో. పాత పత్రం, ఆస్పత్రి కాగితం, ఇద్దరి ఆధార్ నకళ్లు, రాసిన దరఖాస్తు రెండు ప్రతులు తీసుకుని, ఈసారి ఆమెను కూడా వెంట తీసుకెళ్లు. కౌంటర్ దగ్గర మాట ఆమెనే మాట్లాడనివ్వు. లోహితుడి మాట అంత సూటిగా అనగలిగిన మనిషి రశీదు అడిగితే ఎలా ఉంటుందో చూడు. ఏం జరిగిందో ఆమెతోనే నాకు రాయించు.